స్వచ్ఛ ఇంధన చట్టాలలో ఉపాధి స్థానం: శాసనకర్తలను అడగవలసినది ఏమిటి?

ఉపోద్ఘాతం

భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని ఉమ్మడి జాబితాలో విద్యుత్తు 38వ అంశం. దీనిపై పార్లమెంటు చట్టం చేయవచ్చు, రాష్ట్ర శాసనసభ కూడా చేయవచ్చు. కార్మిక వివాదాలు, సామాజిక భద్రత, ఉపాధి, నిరుద్యోగం, కార్మిక సంక్షేమం అదే జాబితాలో 22 నుంచి 24 వరకు ఉన్న అంశాలు. రాజ్యాంగం ఒకే జాబితాలో ఉంచిన ఈ రెండు విషయాలను చట్టాలు మాత్రం ఇంతవరకు ఒకచోటికి తేలేదు. సౌర, పవన విద్యుత్తుకు సంబంధించిన చట్టాలలో మెగావాట్ల లెక్క ఉంది, యూనిట్ ధర నిర్ణయించే పద్ధతి ఉంది, కొనుగోలు చేయని పంపిణీ సంస్థకు జరిమానా ఉంది. ఉద్యోగం అన్న మాట మాత్రం ప్రభుత్వ విధాన పత్రాలలోనే కనిపిస్తుంది.

విధానం వేరు, చట్టం వేరు. విధానాన్ని మంత్రివర్గం ఆమోదిస్తుంది, తరువాతి మంత్రివర్గం మార్చవచ్చు. చట్టం శాసనసభలో చర్చకు వచ్చి, ఓటుకు నిలిచి, న్యాయస్థానంలో అమలు కోరే హక్కును పౌరునికి ఇస్తుంది. స్వచ్ఛ ఇంధనానికి మద్దతు ఇవ్వండని శాసనకర్తలను కోరేవారు ఈ భేదాన్ని గుర్తించకపోతే విద్యుత్తు వస్తుంది గాని, ఉపాధి రాకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అనుభవాలలో ఈ భేదం ఎంత నష్టం తెచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మెగావాట్‌కు ఉన్న రక్షణ

విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 86(1)(ఇ) పునరుత్పాదక విద్యుత్తును ప్రోత్సహించే బాధ్యతను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిపై ఉంచింది. ప్రతి పంపిణీ సంస్థ తన ప్రాంతంలోని మొత్తం వినియోగంలో ఎంత శాతాన్ని ఈ వనరుల నుంచి కొనాలో మండలి నిర్దేశిస్తుంది. ఇంధన పొదుపు చట్టం 2001కి 2022లో చేసిన సవరణ ఈ బాధ్యతను మరింత బిగించింది. దాని ఆధారంగా 2023 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ప్రకటన ప్రకారం కొనుగోలు వాటా 2024-25లో 29.91 శాతంతో మొదలై 2029-30 నాటికి 43.33 శాతానికి చేరాలి. శాతం రెండు దశాంశ స్థానాల వరకు నిర్ణయమైంది. ఈ మెగావాట్ల కోసం ఎంతమందికి, ఎటువంటి వేతనంతో పని దొరకాలన్నది మాత్రం ఎక్కడా నిర్ణయం కాలేదు.

చట్టబద్ధమైన హక్కు విలువ ఎంతో 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తిన వివాదం చూపుతుంది. సౌర, పవన విద్యుత్తును అధిక ధరకు కొంటున్నామని భావించిన రాష్ట్ర ప్రభుత్వం ఆ సంవత్సరం జులైలో ఒక ఉన్నతస్థాయి కమిటీని నియమించి, ధరలు తగ్గించేందుకు ఉత్పత్తి సంస్థలతో సంప్రదింపులు జరపాలని నిర్ణయించింది. సంస్థలు హైకోర్టును ఆశ్రయించాయి. 2022 మార్చిలో ధర్మాసనం ఒప్పందాలలోని ధరలే చెల్లవలసి ఉంటుందని తీర్పునిచ్చి, బకాయిలు ఆరు వారాలలో చెల్లించాలని ఆదేశించింది. ఆ ధరలు న్యాయమైనవా కావా అన్నది వేరే చర్చ. డిస్కంల నష్టాల గురించి ప్రభుత్వం చెప్పినదానిలో బలం లేకపోలేదు. ఇక్కడ గమనించవలసినది ఒక్కటే: ఉత్పత్తి సంస్థ చేతిలో సంతకమైన ఒప్పందం ఉంది, ఆ ఒప్పందం వెనుక చట్టం ఉంది, ఆ రెండింటిని పట్టుకొని అది న్యాయస్థానం మెట్లు ఎక్కగలిగింది.

ఇదే రాష్ట్రం 2024లో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానాన్ని ప్రకటించింది. 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులు, 7.5 లక్షల ఉద్యోగాలు దాని లక్ష్యాలు. ఈ ఉద్యోగాలు రాకపోతే నిరుద్యోగి ఏ పత్రం పట్టుకొని ఏ న్యాయస్థానానికి వెళ్లాలి? అటువంటి పత్రం లేదు. ఆ 7.5 లక్షలలో నిర్మాణం పూర్తికాగానే ముగిసే పనులు ఎన్ని, పాతికేళ్లు నిలిచే ఉద్యోగాలు ఎన్ని అని విడివిడిగా లెక్క చూపవలసిన చట్టబాధ్యత కూడా ఎవరిపైనా లేదు.

సింగరేణి: ఉద్యోగాలు ఎప్పుడు తగ్గాయి?

స్వచ్ఛ ఇంధన చట్టాలను వ్యతిరేకించేవారు బొగ్గు కార్మికుని ముందుకు తెస్తారు. ఆ వాదనను తేలికగా తీసుకోకూడదు. ఇల్లందు ప్రాంతంలో 1889లో తవ్వకం మొదలైన నాటి నుంచి గోదావరి లోయలోని జనజీవనం బొగ్గుబాయి చుట్టూ పెరిగింది. కొత్తగూడెం, మందమర్రి, బెల్లంపల్లి, రామకృష్ణాపూర్, గోదావరిఖని, భూపాలపల్లి వంటి పట్టణాల అంగడి, బడి, ఆసుపత్రి అన్నీ ఆ జీతం మీద నిలబడినవే. ఈనాడు సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

అయితే సింగరేణిలో ఉద్యోగాలను తగ్గించింది సౌర విద్యుత్తు కాదు. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య ప్రస్తుతం సుమారు 40 వేలకు చేరింది. ఇదే కాలంలో బొగ్గు ఉత్పత్తి అనేక రెట్లు పెరిగి, 2023-24లో 7 కోట్ల టన్నులు దాటింది. తట్టా చెమ్మస్‌తో భూగర్భంలో దిగే కార్మికుని స్థానంలో ఉపరితల గనుల భారీ యంత్రాలు వచ్చాయి. మట్టి తొలగింపు ప్రైవేటు గుత్తేదారులకు వెళ్లింది. ఒప్పంద కార్మికుల సంఖ్య వేలలో పెరిగింది, వారి వేతనాలకు శాశ్వత కార్మికుని వేతనంతో పోలికే లేదు. దేశంలో ఒక్క సౌర ఫలకం కూడా చెప్పుకోదగినంతగా లేని రోజులలోనే ఈ తగ్గుదల మొదలైంది. కాబట్టి బొగ్గును కాపాడితే బొగ్గు ఉద్యోగం నిలుస్తుందన్న వాదన గత ముప్పై ఏళ్ల లెక్కల ముందు నిలవదు.

బొగ్గు రేపే ముగిసిపోతుందన్నది కూడా నిజం కాదు. 2024-25లో దేశం 100 కోట్ల టన్నులకు మించి బొగ్గు తవ్వింది. కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో మూతపడిన పాత యూనిట్ల కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చివేసిన దృశ్యం చాలామందికి ఒక యుగాంతంలా తోచింది. కాని అక్కడే 800 మెగావాట్ల కొత్త యూనిట్ 2018 నుంచి పనిచేస్తున్నది. మార్పుకు ఇంకా సమయం ఉందని దీని అర్థం. సమయం ఉన్నప్పుడు చేసే చట్టం ప్రణాళిక అవుతుంది, గని మూతపడ్డాక చేసేది పరిహారం మాత్రమే అవుతుంది.

బొగ్గుబాయి ఉద్యోగం ఒక కుటుంబానికి ఏమిటో వారసత్వ ఉద్యోగాల వివాదం తెలిపింది. పనిచేసే కార్మికుని కొడుకుకు ఉద్యోగం ఇచ్చే పద్ధతిని తిరిగి తేవాలన్నది గని ప్రాంతాలలో దశాబ్దాల డిమాండ్. సంస్థ దానిని అంగీకరించినా, సమాన అవకాశాల సూత్రానికి విరుద్ధమని 2017లో హైకోర్టు కొట్టివేసింది. తరువాత అనారోగ్య కారణాలతో పని చేయలేనివారి వారసులకు కారుణ్య నియామకాల మార్గం ఏర్పడింది. ఉద్యోగ వాగ్దానం ఎంత జనాదరణ పొందినదైనా, దానిని రాజ్యాంగానికి లోబడి రాయకపోతే నిలవదన్న సంగతి ఇక్కడ తేలింది. ఈ పాఠం అవసరం ముందు మళ్లీ వస్తుంది.

కౌలుకు వెళ్లిన భూమి, పని పోయిన కూలీ

నష్టపోయేది బొగ్గు కార్మికుడొక్కడే కాదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల పరిధిలో 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సౌర పార్కు సుమారు 5,900 ఎకరాలలో విస్తరించింది. ఆంధ్ర సరిహద్దును ఆనుకొని, తెలుగు మాట్లాడేవారు అధికంగా ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకాలో 2,050 మెగావాట్ల పార్కుకు సుమారు 13,000 ఎకరాలు కావలసివచ్చింది. పావగడలో భూమిని సేకరించలేదు, రైతుల నుంచి కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు. వరుస కరవులతో వేరుశనగ కూడా చేతికి రాని నేలకు ఇది మంచి ఆదాయమే. భూమి అమ్ముకోవలసిన అవసరం లేకుండా రైతుకు నికరమైన రాబడి ఇచ్చిన ఈ పద్ధతిని దేశమంతా ఆదర్శంగా చూపడంలో న్యాయం ఉంది.

కాని ఆ పొలాలలో కలుపు తీసి, కాయ కోసి బతికిన భూమిలేని కూలీకి కౌలు రాదు. నిర్మాణం సాగినన్నాళ్లు రోజు కూలి దొరికింది. ఆ తరువాత మిగిలిన పని కాపలా, ఫలకాలు కడగడం, వాటి మధ్య పెరిగే గడ్డి కోయడం. సాంకేతిక ఉద్యోగాలకు చదువుకున్నవారు బయటినుంచి వస్తారు. వేల ఎకరాల వ్యవసాయం ఇచ్చిన పనిదినాలను ఈ కొద్దిపాటి పనులు పూరించలేవు.

ఇక్కడ చట్టంలోని ఖాళీని కొంత వివరంగా చూడాలి. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం ‘బాధిత కుటుంబం’ అన్న మాటకు విశాలమైన నిర్వచనం ఇచ్చింది. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ దానిపైనే ప్రధానంగా ఆధారపడిన వ్యవసాయ కూలీలు, కౌలుదారులు, పాలికి సాగు చేసేవారు, చేతివృత్తులవారు ఆ నిర్వచనంలోకి వస్తారు. వారికి పునరావాస ప్రయోజనాలు హక్కుగా వస్తాయి. ప్రభుత్వం భూమిని సేకరించినప్పుడు ఈ చట్టం వర్తిస్తుంది. రైతు స్వచ్ఛందంగా కౌలుకిచ్చినప్పుడు సేకరణ అన్నదే జరగలేదు కనుక కూలీ బాధితునిగా లెక్కకు రాడు. రైతుకు మేలు చేసిన పద్ధతే కూలీని చట్టం వెలుపలికి నెట్టింది. ఎవరో దురుద్దేశంతో చేసినది కాదిది. 2013లో చట్టం రాసిన వారు సౌర పార్కుల కౌలును ఊహించలేదు. శాసనకర్తలు ఒక చిన్న సవరణతో సరిదిద్దగల లోపం ఇది: విద్యుదుత్పత్తికి నిర్ణీత విస్తీర్ణానికి మించి భూమిని దీర్ఘకాలం కౌలుకు తీసుకుంటే, బాధిత కుటుంబాల నిర్వచనం దానికీ వర్తింపజేయడం.

ఎటువంటి స్వచ్ఛ ఇంధనం అన్నది కూడా ఉపాధిని నిర్ణయిస్తుంది. కౌన్సిల్ ఆన్ ఎనర్జీ, ఎన్విరాన్‌మెంట్ అండ్ వాటర్ సంస్థ మరో సంస్థతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఇంటికప్పు సౌర విద్యుత్తు మెగావాట్‌కు 24.72 ఉద్యోగ సంవత్సరాల పనినిస్తే, నేలపై నిర్మించే భారీ కేంద్రం 3.45 మాత్రమే ఇస్తుంది. దాదాపు ఏడు రెట్ల తేడా. ఇంటింటికీ తిరిగి కొలతలు తీసుకోవడం, చట్రం బిగించడం, తీగలు కలపడం, మరమ్మతులు చేయడం స్థానికులు చేయగల పనులు. కోటి ఇళ్లకు ఉద్దేశించి 2024 ఫిబ్రవరిలో 75,021 కోట్ల రూపాయల వ్యయంతో ఆమోదం పొందిన పీఎం సూర్యఘర్ పథకం ఈ దిశలోనిదే. అది కూడా పథకమే తప్ప చట్టం కాదు.

అమెరికా చట్టం: ఒక్క ఓటు తేడా

ఉపాధిని విద్యుత్ ప్రోత్సాహకంలోనే ముడివేసిన చట్టానికి అమెరికాలో 2022 ఆగస్టులో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ స్పష్టమైన ఉదాహరణ. సౌర కేంద్రం వంటి ప్రాజెక్టుపై పెట్టుబడికి లభించే పన్ను రాయితీని ఆ చట్టం మూలంగా 6 శాతంగా నిర్ణయించింది. ఆ ప్రాంతంలో ఆ వృత్తికి అమలులో ఉన్న వేతనాన్ని కార్మికులకు చెల్లించి, మొత్తం పనిగంటలలో నిర్ణీత భాగాన్ని అప్రెంటిస్‌లకు కేటాయిస్తే రాయితీ 30 శాతం అవుతుంది. 2024 నుంచి మొదలయ్యే నిర్మాణాలకు ఈ భాగం 15 శాతం. ఒక మెగావాట్‌కు లోపు ఉన్న చిన్న ప్రాజెక్టులకు ఈ షరతులు లేవు. 1999 తరువాత బొగ్గు గని మూతపడిన చోట, లేదా 2009 తరువాత బొగ్గు విద్యుత్ యూనిట్ మూతపడిన చోట కేంద్రాన్ని నిర్మిస్తే మరో 10 శాతం వరకు అదనం.

ఈ నిర్మాణంలోని తెలివి గమనించదగినది. ఏ సంస్థనూ బలవంతపెట్టలేదు. ప్రజాధనం కావాలంటే ప్రజలకు మంచి వేతనం ఇవ్వమన్నది, వద్దనుకుంటే తక్కువ రాయితీతో సరిపెట్టుకోమన్నది. ఐదు రెట్ల తేడా ముందు నిరాకరించే వ్యాపారి అరుదు.

ఆ చట్టం సెనేట్‌లో 50-50గా ఓట్లు చీలినప్పుడు ఉపాధ్యక్షురాలి నిర్ణాయక ఓటుతో గట్టెక్కింది. మూడేళ్లు తిరగకముందే, 2025 జులైలో, మరో చట్టం అదే విధంగా ఉపాధ్యక్షుని నిర్ణాయక ఓటుతో సెనేట్‌ను దాటి, సౌర, పవన రాయితీలకు గడువు విధించింది. 2026 జులై 4 లోపు నిర్మాణం మొదలుకాని ప్రాజెక్టులు 2027 చివరికల్లా ఉత్పత్తిలోకి రావాలి, లేకుంటే రాయితీ లేదు. ఈ మధ్యలో జరిగిన ఒక సంఘటన శాసనకర్తలపై ఒత్తిడి స్వభావాన్ని తెలియజేస్తుంది. తమ నియోజకవర్గాలకు ఈ పెట్టుబడులు వస్తున్నందున రాయితీలను పూర్తిగా రద్దు చేయవద్దని 2024 ఆగస్టులో 18 మంది రిపబ్లికన్ ప్రతినిధులు స్పీకరుకు లేఖ రాశారు. వారిలో సభలో కొనసాగిన అత్యధికులు మరుసటి ఏడాది ఆ రాయితీలను కుదించిన చట్టానికే ఓటు వేశారు. ఉద్యోగాలు వచ్చిన చోట ప్రతినిధి లేఖ రాస్తాడు. లేఖ ఓటుగా మారాలంటే ఆ ఉద్యోగాలు అతని ఓటర్లకు అప్పటికే జీవనాధారంగా స్థిరపడి ఉండాలి. మూడేళ్లు అందుకు చాలలేదు.

శాసనకర్తలను ఏమి అడగాలి?

అడిగేవారు మొదట గుర్తుంచుకోవలసినది న్యాయస్థానంలో నిలవని వాగ్దానాన్ని అడగకూడదన్నది. పరిశ్రమలలో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది, అది న్యాయస్థానంలో సవాలుకు గురైంది. అటువంటిదే అయిన హర్యానా చట్టాన్ని 2023 నవంబరులో పంజాబ్-హర్యానా హైకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. సింగరేణి వారసత్వ ఉద్యోగాలకు పట్టిన గతే దీనికీ పట్టింది. నిర్బంధం కంటే షరతుతో కూడిన ప్రోత్సాహకం సురక్షితమైన దారి అనడానికి ఇదే కారణం. విద్యుత్ సుంకం మినహాయింపు, ప్రభుత్వ భూమి, స్టాంపు రుసుము తిరిగి చెల్లింపు వంటి రాయితీలు ఇవ్వాలో వద్దో నిర్ణయించే అధికారం రాష్ట్రానికి ఉంది. గ్రామ యువతకు శిక్షణ, నిర్ణీత వేతనం, భూమిలేని కుటుంబాలకు నిర్వహణ పనులు అన్న షరతులను ఆ రాయితీలకు జోడించడానికి శాసనసభకు అడ్డంకి లేదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని ఇప్పటికే చెబుతున్నది. సౌర పార్కులలో పని అనేక చిన్న గుత్తేదారుల మధ్య చీలిపోతుంది కనుక ఆ 30 అన్న గీతను ఎవరూ దాటకపోవచ్చు. లెక్కను గుత్తేదారు వారీగా కాక ప్రాజెక్టు మొత్తానికి వర్తింపజేయమని అడగడం న్యాయమైన కోరిక.

నిధులు లేవన్న సమాధానం శాసనకర్తల నుంచి సహజంగా వస్తుంది. బొగ్గు జిల్లాల విషయంలో ఆ సమాధానం చెల్లదు. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రతి గని జిల్లాలో ఖనిజ నిధి సంస్థను ఏర్పరచింది. రాయల్టీపై అదనంగా, పాత లీజులకు 30 శాతం, 2015 తరువాత వేలంలో ఇచ్చిన లీజులకు 10 శాతం ఈ నిధిలో జమ అవుతుంది. తాగునీరు, వైద్యం, విద్య, రోడ్లు, నైపుణ్య శిక్షణ వంటి పనులకు దీనిని ఖర్చు చేస్తారు. గని మూతపడిన నాటికి కార్మికుని తరువాతి బతుకుకు ఇందులోనుంచి కనీసం ఇంత శాతం దాచి ఉంచాలని చట్టం నిర్దేశించలేదు. బొగ్గు వచ్చినంత కాలమే ఈ సొమ్ము వస్తుంది. బొగ్గు ఆగిన రోజున, అంటే అవసరం మొదలైన రోజున, నిధి ఎండిపోతుంది. జర్మనీ 2020లో బొగ్గు నుంచి 2038కల్లా వైదొలగే చట్టం చేసినప్పుడు బొగ్గు ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోల వరకు కేటాయింపును దానితోపాటే చట్టంగా రాసుకున్నది. అంత సొమ్ము తెలంగాణ దగ్గర ఉండకపోవచ్చు. కాని భద్రాద్రి కొత్తగూడెం, మంచిర్యాల, పెద్దపల్లి, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల ఖనిజ నిధిలో ఒక భాగాన్ని ఇప్పటినుంచే విడిగా దాచడానికి జర్మనీ అంత సంపద అవసరం లేదు.

అడిగే పద్ధతి గురించి కూడా ఒక మాట. బిల్లు సభలోకి వచ్చిన తరువాత అర్జీ పట్టుకొని వెళ్లడం ఆలస్యమే అవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2014 ఫిబ్రవరిలో ఆమోదించిన పూర్వ శాసన సంప్రదింపుల విధానం ప్రకారం ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. పునరుత్పాదక ఇంధనానికి ప్రత్యేక చట్టం కోసం 2015లో వెలువడిన ముసాయిదా పార్లమెంటు వరకు చేరలేదు. 2022 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన విద్యుత్ సవరణ బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లి, సభ కాలం ముగియడంతో మురిగిపోయింది. ఆ బిల్లుపై జరిగిన చర్చ దాదాపు అంతా డిస్కంల ప్రైవేటీకరణ, రైతులకు ఉచిత విద్యుత్తు, రాష్ట్రాల హక్కుల చుట్టూ తిరిగింది. అవి ముఖ్యమైనవే. ఉపాధి గురించిన సవరణను మాత్రం ఎవరూ ప్రధాన డిమాండుగా నిలబెట్టలేదు. కార్మిక సంఘాలు ప్రైవేటీకరణను అడ్డుకోవడంపైన, పర్యావరణవాదులు శాతాలపైన దృష్టి పెట్టారు. సౌర పార్కు గ్రామాల కూలీలకు ఢిల్లీలో సంఘమే లేదు.

రాష్ట్ర స్థాయిలో పని మరింత సులభం. శాసనసభ్యుడు ప్రశ్నోత్తరాల సమయంలో అడగగల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి: రాయితీ పొందిన ప్రతి ప్రాజెక్టులో ఈనాడు ఎంతమంది పనిచేస్తున్నారు, వారిలో భూమి ఇచ్చిన గ్రామాలవారు ఎందరు, శాశ్వత ఉద్యోగులు ఎందరు, కనీస వేతనానికి మించి పొందుతున్నవారు ఎందరు. మంత్రి సమాధానం సభా పత్రాలలో నమోదవుతుంది. ఆ లెక్కలు ప్రతి ఏటా సభ ముందుంచాలన్న ఒక్క వాక్యాన్ని చట్టంలో చేర్చితే, 7.5 లక్షల ఉద్యోగాలన్న లక్ష్యం ఎంతవరకు వచ్చిందో నందికొట్కూరు కూలీకి, గోదావరిఖని ఒప్పంద కార్మికునికి కూడా చదివి తెలుసుకొనే వీలు కలుగుతుంది.